గుళ్ళో కోడి కూసిన ఊరు

మాస్టారి చేతిసంచి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఒక పాఠకుడు "దేవుడి సన్నిధిలో జంతువుల్ని పెంచే ఆచారం ఒక్క మన దేశంలోనే ఉందా?" అని అడిగారు. లేదండీ, స్పెయిన్‌లో ఒక చర్చిలో గోడకి గూడు కట్టి తెల్లకోడి పుంజునీ పెట్టనీ ఉంచుతారు, ఆ ఊరి సాధువు వంతెనలు కట్టినాయన, నా కళ్ళతో చూసొచ్చాను అని రాసి, చోటు లేక అక్కడితో ఆపేశాను. ఆపడమే తప్పయింది. ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఆ కోళ్ళ గురించే. అంచేత తక్కినవి పక్కన పెట్టి ఈసారి ఆ ఊరి సంగతే చూద్దాం. కొబ్బరి తెగులు గురించి రాసిన అంబాజీపేట రైతుగారు ఏమీ అనుకోకండి. అయినా అది నన్నడగాల్సింది కాదు, కొబ్బరి మీద పరిశోధన చేసేవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు.

ప్రశ్న: చర్చిలో కోళ్ళుంటాయని రాశారు. మా అత్తగారు అస్సలు నమ్మడం లేదు. "మాస్టారు బొమ్మని చూసి భ్రమపడి ఉంటాడు, కళ్ళజోడు మార్చుకోమను" అంటున్నారు. నిజంగా ప్రాణమున్నవేనా? ఎందుకు పెట్టారు?
ఒక గృహిణి, రాజోలు

జవాబు: అత్తగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. కళ్ళజోడు మార్చాల్సిన మాట నిజమే గానీ, ఆ రోజు నేను చూసింది బొమ్మ కాదు. బొమ్మ రెట్ట వెయ్యదు కదా.

ఊరి పేరు సాంతో దొమింగో దె లా కాల్సాదా. చాంతాడంత పేరు, నేను కాల్సాదా అంటాను. ఆ ముక్కకి రాళ్ళు పరిచిన బాట అని అర్థం. స్పెయిన్‌కి ఉత్తరాన రియోహా అనే సీమలో ఉంది. జనం ఆరేడు వేలు, మన లెక్కలో ఓ మోస్తరు మేజర్ పంచాయతీ. మా అమ్మాయి బిల్బావోలో చదువుకునే రోజుల్లో నన్ను ఒక మే నెలలో అక్కడికి తీసుకెళ్ళింది. కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు యూరప్ చరిత్ర చెప్పినవాణ్ణి, అక్కడి నేల మీద కాలు పెట్టడం అదే మొదలు.

చర్చి లోపల సాధువు సమాధి ఉంటుంది. దానికెదురుగా, మనిషెత్తుకి బాగా పైన, గోడలో రాతి చెక్కడపు గూడు. 15వ శతాబ్దపు పని. కొసలు దేరిన తోరణం, రంగులద్దిన పూలచెక్కడం, ముందు కటకటాలు, లోపల కరెంటు దీపం. మనింట్లో అయితే కోడిపిల్లల మీద గంప బోర్లిస్తాం. ఇంత శిల్పం చెక్కిన కోళ్ళగూడు భూమ్మీద ఇంకోటి ఉంటుందనుకోను. లోపల ఓ పుంజు, ఓ పెట్ట. రెండూ మచ్చలేని తెలుపు. మన బరుల భాషలో చెప్పాలంటే పుంజు అచ్చం సేతు. మా పెదనాన్న సంక్రాంతికి కోళ్ళు మేపేవాడు. ఆ లెక్కన చూస్తే దీని మెడ బలిసింది, కాలు మందం, కూర్చుని తినే జాతకం. కత్తి కడితే మొదటి ఎగురుకే కిందపడుతుంది. ఆ మాట మా అమ్మాయితో గట్టిగానే అనేశాను, తెలుగు కాబట్టి బతికిపోయాను.

నడిచి యాత్రకి పోయేవాళ్ళు ఆ చర్చిలో ఉండగా పుంజు కూస్తే ప్రయాణం శుభంగా సాగుతుందని నమ్ముతారు. పూర్వం కొందరు చేతికర్ర కొసకి రొట్టెముక్క గుచ్చి అందించేవారట, తింటే మంచి శకునం. రాలిన తెల్ల ఈక టోపీకి పెట్టుకునేవారు. నేనూ బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. కూయలేదు. లేచి గుమ్మం దాకా వచ్చాను, అప్పుడు కూసింది. శకునం నాకు వర్తిస్తుందో లేదో మా అమ్మాయి తేల్చి చెప్పలేదు.

ఇక ఎందుకు పెట్టారన్నది. పశ్చిమాన శాంతియాగో దె కంపొస్తెలా అనే పెద్ద క్షేత్రం ఉంది. ఏసుక్రీస్తు శిష్యుడు యాకోబు సమాధి అక్కడుందని నమ్మి వెయ్యేళ్ళుగా జనం నడిచి వెళ్తున్నారు. ఫ్రాన్సు సరిహద్దు నుంచి దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల బాట, ఆ బాట మీద ఊరు మన కాల్సాదా. జర్మనీ నుంచి ఓ తల్లీ తండ్రీ, పద్దెనిమిదేళ్ళ కొడుకూ నడుచుకుంటూ వచ్చి ఇక్కడి పూటకూళ్ళ ఇంట దిగారు. ఇంటిపిల్ల కుర్రాడి మీద మనసు పడింది. వాడు కాదన్నాడు. ఆ పిల్ల ఉక్రోషం పట్టలేక వాడి సంచిలో వెండిగిన్నె దాచి, తెల్లారి దొంగా దొంగా అని అరిచింది. వెతికారు, దొరికింది, ఉరితీశారు. తల్లిదండ్రులు ఏడ్చుకుంటూనే మొక్కు తీర్చుకోను ముందుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి కొడుకు ఉరికొయ్య మీద ప్రాణాలతో ఉన్నాడు. "సాధువు నా పాదాలు కిందినుంచి పట్టుకున్నాడమ్మా" అన్నాడు. వీళ్ళు పరుగున న్యాయాధికారి ఇంటికెళ్తే ఆయన భోజనం మీద ఉన్నాడు. "మీవాడు బతికుండడమా! ఈ పళ్ళెంలో కాల్చిన పుంజూ పెట్టా ఎంత బతికున్నాయో వాడూ అంతే" అన్నాడట. అనగానే రెండూ పళ్ళెంలోంచి లేచి, ఈకలు తొడుక్కుని, కూశాయి. ఆ జంట గుర్తుగానే గుళ్ళో కోళ్ళు. గూటికి ఎదుటి వైపు గోడ మీద ఓ చెక్కముక్క వేలాడుతుంది, ఆ ఉరికొయ్యదే అంటారు. కాలిన కోడి కూసిన ఊరు కాల్సాదా అని అక్కడ సామెతే ఉంది.

అత్తగారు ఇది చదివి "చూశావా, కట్టుకథ" అంటారు. కట్టుకథే. కానీ కథలకీ ఊళ్ళూ తారీఖులూ ఉంటాయి. 12వ శతాబ్దంలో కంపొస్తెలా యాత్ర గురించి రాసిన ఒక లాటిన్ గ్రంథంలో దాదాపు ఇదే అద్భుతం ఉంది. జరిగిందేమో ఫ్రాన్సులోని తులూజ్‌లో, 1090లో. అందులో ప్రేమా లేదు, పిల్లా లేదు. పూటకూళ్ళవాడే డబ్బాశకి, వీళ్ళకి బాగా తాగించి గిన్నె దాచాడు. కుర్రాడు ఉరికొయ్య మీద ముప్ఫయ్యారు రోజులు బతికున్నాడు. మరి కోళ్ళు? ఒక్కటి కూడా లేదు! కథ యాత్రికుల సంచుల్లో కొండలు దాటి ఇక్కడికొచ్చింది, వచ్చాక కోళ్ళు చేరాయి, ప్రేమా చేరింది. పోర్చుగల్‌లో బార్సెలోస్ అనే ఊరికి కూడా ఇలాంటిదే ఒక పుంజు ఉంది. మన దగ్గర ఒకే కథ నాలుగు ఊళ్ళ అమ్మవార్లకి చెప్పడం లేదూ?

కోళ్ళ ఆచారం మాత్రం నిన్నా మొన్నటిది కాదు. 1350లో, పోపులు రోములో కాక అవిన్యోన్‌లో ఉంటున్న కాలంలో, అక్కడినుంచి వచ్చిన పత్రంలో ఈ చర్చిలోని పుంజునీ పెట్టనీ దర్శించినవాళ్ళకి పాపపరిహారం రాశారు. అంటే ఇప్పుడున్న రాతిగూడు కట్టడానికి ముందు నుంచే కోళ్ళున్నాయి. ఈ ముక్క అత్తగారికి చదివి వినిపించండి. కోడిని చూస్తే పుణ్యమని చర్చివారే కాగితం రాసిచ్చారంటే ఆవిడ కాస్త మెత్తబడవచ్చు.

ప్రశ్న: ఇరిగేషనులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఆ సాధువు కట్టిన వంతెన సంగతి వివరంగా రాయండి. ఎన్ని ఖానాలు? పునాది ఏ రకం? ఆయన మన కాటన్ దొరలాంటివాడా?
ధవళేశ్వరం

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశానండీ.

ఆయన పేరు దొమింగో. పుట్టింది 1019లో, దగ్గర్లోని విలోరియా అనే పల్లెలో. ఆయన మూడేళ్ళవాడై ఉండగా ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడికి పట్టాభిషేకమైంది. కుర్రతనంలో సన్న్యాసం పుచ్చుకుందామని రెండు మఠాల తలుపు తట్టాడు, వల్వనేరా ఒకటి, సాన్ మిల్యాన్ ఒకటి. చదువు చాల్లేదని రెండూ వద్దన్నాయి. ఈ సాన్ మిల్యాన్ గొప్ప చదువుల మఠం. స్పానిష్ మాటలు తొలిసారి కాగితానికెక్కినవాటిల్లో ఆ మఠంలో దొరికిన లాటిన్ పుస్తకం అంచు రాతలే ముఖ్యమైనవి. ఇంచుమించు అదే కాలంలో ఇక్కడ నన్నయగారు భారతం తెలుగు చేస్తున్నారు. ఇటు పండితులు అటు పండితులు అంత పనిలో ఉంటే, చదువు రానివాడు అడవికి పోయి ఏకాంతంగా కూర్చున్నాడు.

ఆ అడవిలోంచే కంపొస్తెలా యాత్రికులు పడుతూ లేస్తూ వెళ్ళేవారు. దారి లేదు, దొంగలున్నారు, మధ్యలో ఓహా నది. మిడతల దండు పడి పంటలు పోతుంటే, దాని నివారణకి పోపు పంపిన గ్రెగోరీ అనే బిషప్పు ఆ ప్రాంతానికి వచ్చాడని, దొమింగో ఆయన వెంట తిరిగాడని చెబుతారు. ఇద్దరూ కలిసి మొదట కర్రవంతెన వేశారు. 1044లో గ్రెగోరీ పోయాక దొమింగో ఒక్కడే మిగిలాడు. అడవి కొట్టి, నాహెరా నుంచి రెదెసియా దాకా రాళ్ళు పరిచి బాట వేశాడు. ఊరివాళ్ళు "నీ కొడవలికి తెగినంత కొట్టుకో" అని వేళాకోళం చేస్తే ఆ కొడవలితోనే మహావృక్షాలు కూల్చాడని కథ. కర్ర తీసి రాతివంతెన కట్టాడు. యాత్రికులకి సత్రం, ఆస్పత్రి రెండూ ఒకే కప్పు కింద పెట్టాడు. చిన్న గుడి కట్టుకున్నాడు, 1106లో ప్రతిష్ఠ జరిగింది. 1076లో ఆ సీమ కాస్తీల్ రాజు ఆరో అల్ఫోన్సో చేతికొచ్చాక రాజు అండ దొరికింది. 1109 మే 12న తొంభయ్యో ఏట కన్నుమూశాడు. ఆయన వేసిన బాట మీదే ఆయనకి సమాధి కట్టారు. తర్వాత గుడి పెరిగి సమాధిని లోపల కలుపుకుంది, బాట పక్కకి జరిగింది. ఆయన శిష్యుడు హువాన్ దె ఒర్తేగా కూడా వంతెనలూ సత్రాలూ కట్టే సాధువే అయ్యాడు.

వంతెన పాతరోజుల్లో 24 ఖానాలని చెబుతారు. తర్వాత చాలాసార్లు కట్టి, మరమ్మతు చేసి, ఇప్పుడు 16 ఖానాలు, 148 మీటర్లు. నేను వెళ్ళి చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. నీళ్ళేవీ? పదహారు ఖానాల కిందా గులకరాళ్ళే. గౌతమి ఒడ్డున పుట్టినవాడికి అది నది అంటే ఎలా నమ్మబుద్ధవుతుంది! దెమాందా కొండల్లోంచి వచ్చే నీరు ఆ గులకలోకే ఇంకిపోతుందట, వేసవిలో పైకి కనపడదు. అక్కడ ఒక ముసలాయన నా నవ్వు చూసి చెయ్యి తన నడుము దాకా పెట్టి చూపించాడు. కొండల మీద మంచు కరిగినా, వాన పడినా ఇంత వస్తుందని. నేను నా తల మీద ఇంకో మూరెడు ఎత్తుకి చెయ్యి పెట్టి "గోదావరి" అన్నాను. ఆయన నన్ను అబద్ధాలకోరు అనుకున్నాడు.

మీకు బాగా నచ్చే పునాది వంతెనది కాదు, గంటల బురుజుది. ఆ చర్చి బురుజు చర్చికి అతుక్కుని ఉండదు, నాలుగడుగుల దూరంలో వీధి కవతల ఒంటరిగా నిలబడుతుంది. మొదటి బురుజు 1450లో పిడుగు పడి పోయింది. రెండోది కూలేలా ఉందని 18వ శతాబ్దంలో దింపేశారు. కారణం కింద ఊట నీళ్ళు. మూడోదాన్ని 1760ల్లో మార్తీన్ దె బెరాతువా అనే మేస్త్రి కాస్త గట్టి నేల చూసుకుని పక్కన లేపాడు. దాదాపు 70 మీటర్లు. పునాది గోతిలో సున్నం, ఇసుక, రాయితో పాటు పశువుల కొమ్ములు కలిపి కూరారని చెబుతారు. మనమైతే ఇసుకనేలలో బావులు దింపుతాం. కొమ్ములు ఎందుకు పనిచేశాయో మీకేమైనా తోస్తే రాయండి, అచ్చు వేయిస్తాను.

కాటన్ దొర పోలిక అడిగారు. 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట ముగించిన మనిషి వెనక మద్రాసు ప్రభుత్వం, కొలతలు, మందుగుండు, వేలమంది కూలీలు ఉన్నారు. ఈయన వెనక జోలె ఉంది. ఆ తేడా పెద్దదే. ఫలితం దగ్గర మాత్రం ఒకటనిపిస్తుంది. ఇక్కడ సంకల్పంలో కాటన్ పేరు తలిచే పురోహితులున్నారు, అక్కడ దేశంలోని రోడ్లూ వంతెనల ఇంజనీర్లందరికీ దొమింగోయే ఇలవేల్పు. ఆయన పండుగ మే 12, మనం కాటన్ విగ్రహాలకి దండలేసేది మే 15. మీ పాత శాఖవాళ్ళకి ఒకే వారంలో రెండు సెలవులు అడగడానికి సాకు దొరికింది.

అయితే నన్నడిగితే ఆయనకి దగ్గరి చుట్టం కాటన్ కాదు, లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు. దారినపోయే ప్రతివాడికీ ఏ వేళప్పుడైనా సరే విస్తరి వేసిన ఇల్లాలు. వైనతేయ మీద కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టినప్పుడు "వంతెనకీ వంటింటికీ ఏమిటి సంబంధం?" అని కొందరన్నారు. కాల్సాదాలో ఆ ప్రశ్న ఎవరికీ రాదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మధ్యయుగంలో ఆ పట్టణం ఎలా ఎదిగిందో పది పాయింట్లలో చెప్పగలరు.
భీమవరం

జవాబు: పాయింట్లు చెప్పను బాబూ. ముప్ఫయ్యేళ్ళు పాయింట్లు చెప్పే నా పిల్లల్ని పాడుచేశాను. ఒక్క సంగతి పట్టుకో, మిగతాది దాని వెనకే వస్తుంది.

యానాం ఎదురుగా ఎదుర్లంక రేవు ఉండేది. మేము కాకినాడ వెళ్ళాలంటే పంటు కోసం గంట, ఒక్కోసారి రెండు గంటలు నిలబడేవాళ్ళం. ఆ గంటలోనే రేవు బతికేది. టీ బడ్డీ, పకోడీలు, సైకిలు పంచరు, సోది చెప్పే ఆవిడ, తాటిముంజలు. గౌతమి మీద వంతెన పడింది, జనం ఆగడం మానేశారు, బడ్డీలు ఒక్కొక్కటే లేచిపోయాయి. అంటే మన దగ్గర వంతెన రేవుని మింగేసింది. మరి కాల్సాదాలో వంతెన ఊరిని ఎలా పుట్టించింది? ఇది పరీక్షలో రాదు, కానీ అసలు ప్రశ్న ఇదే.

అక్కడ దాటేవాడు కాలినడకన వస్తాడు. నాహెరా ఇరవయ్యొక్క కిలోమీటర్లు వెనక, బెలొరాదో ఇరవై మూడు ముందు. పొద్దున్న బయల్దేరినవాడు సాయంత్రానికి ఇక్కడికి చేరతాడు, అంతకి మించి కాళ్ళు ఒప్పుకోవు. వంతెన వచ్చినా వాడు ఆగక తప్పదు. ఆగితే పడక కావాలి, రొట్టె కావాలి, చెప్పు కుట్టేవాడు కావాలి, బొబ్బలెక్కిన పాదానికి మందు కావాలి. దొమింగో బతికుండగానే వంతెనకీ గుడికీ సత్రానికీ చుట్టూ ఇళ్ళు లేచాయి. ఇప్పటికీ ఊరి పటం చూడు, పెద్దవీధి బాట వెంట పొడుగ్గా సాగుతుంది. కాలవగట్టు మీద మన ఊళ్ళు పొడుగ్గా ఉండవూ, అదే లెక్క. అది కాలవ, ఇది బాట.

సాధువు సమాధికి యాత్రికులు పెరిగారు, కానుకలు పెరిగాయి. 1158లో చిన్న గుడి తీసి పెద్దది మొదలెట్టారు. గర్సియోన్ అనే శిల్పి పని అంటారు. 1232 నాటికి కాలహోరా బిషప్పు పీఠంలో దీనికీ వాటా దొరికి కెథీడ్రల్ అయింది. తర్వాతి శతాబ్దంలో చుట్టూ ప్రాకారం. 1379 మే నెలలో కాస్తీల్ రాజు రెండో ఎన్రికే ఈ ఊళ్ళోనే ప్రాణం విడిచాడు. 1537 నుంచి 1540 వరకు దమియాన్ ఫొర్మెంత్ అనే మహాశిల్పి ఇక్కడి బలిపీఠం వెనక పెద్ద చెక్కడం చేసి, ఇక్కడే పోయాడు, అదే ఆయన ఆఖరి పని. దాన్ని 1994లో పక్క గోడకి మార్చారు. మార్చాక దాని వెనక 12వ శతాబ్దపు స్తంభాలు బయటపడి కనిపిస్తున్నాయి. నాకు ఫొర్మెంత్ కంటే ఆ స్తంభాల దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపించింది. సత్రం ఏమైందంటావా? సర్కారు నడిపే ఖరీదైన హోటలు అయింది. బీదయాత్రికుడి పడక మీద ఇప్పుడు దొరలు పడుకుంటారు. మేము గుమ్మం దాకా వెళ్ళి, రేటు చదివి, బయటికొచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా అక్కడుండి ఆ బాటంతా నడుస్తానంటున్నాడు. మేము శాకాహారులం. వాడికి తిండి దొరుకుతుందా?
వ్యాపారి, పాలకొల్లు

జవాబు: దొరుకుతుందండీ, కానీ అడిగి తినాలి. రియోహా బంగాళాదుంపల కూర అని బోర్డు చూసి లోపలికెళ్ళకండి, అందులో పందిమాంసపు ముక్కలుంటాయి. చిక్కుడుగింజల కూరలోనూ అంతే. మిరపకాయలు కాల్చి నూనెలో వేసినవి, రొట్టె, జున్ను, శనగలు క్షేమం. మే 10 నుంచి 15 దాకా సాధువు ఉత్సవాలు. ఆ రోజుల్లో శనగలూ పొట్టేలు మాంసమూ వండి ఊరంతటికీ పెడతారు, సత్రంలో బీదలకి పెట్టిన భోజనానికి గుర్తుగా. తెల్లబట్టల ఆడపిల్లలు రొట్టెలబుట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా నడుస్తారు. మన జాతరలో గరగలు గుర్తొచ్చి నాకు డప్పు ఏదీ అనిపించింది. ఇంకో రోజు బండిచక్రానికి రిబ్బన్లు కట్టి ఊరేగిస్తారు. అలసి బాట మీద నిద్రపోయిన యాత్రికుడి మీంచి ఎడ్లబండి పోతే, సాధువు బతికించాడని.

మిఠాయి మాత్రం తప్పకుండా రుచి చూడమనండి, ముందు అందులో గుడ్డు ఉందేమో అడిగి. గవ్వ ఆకారం, పొరపొరల పిండి, లోపల బాదం ముద్ద. పేరు అవొర్కాదితోస్, అంటే "బుల్లి ఉరిగాళ్ళు". మిఠాయికి ఆ పేరు పెట్టాలంటే ఊరికి ఎంత ధైర్యం ఉండాలి! మనవాళ్ళు ఎంతసేపూ పూతరేకులు అంటారు, చక్కగా.

ప్రశ్న: ద్రాక్షారామం పక్కన పెట్టుకుని స్పెయిన్ కోళ్ళ గురించి పేజీలు నింపడం మీకు తగునా?
పేరు లేదు, రామచంద్రపురం ముద్ర ఉంది

జవాబు: తగదనే అనుకుని మొన్న ఆదివారం ద్రాక్షారామమే వెళ్ళొచ్చాను. దొమింగో గుడి కట్టుకునే రోజుల్లో ఈ సీమ రాజరాజ నరేంద్రుడి కొడుకు కులోత్తుంగ చోళుడిది. ఆ కాలపు శాసనాలు భీమేశ్వరుడి గుడి రాళ్ళ మీద వరసగా ఉన్నాయి. ఎక్కువభాగం అఖండదీపాల లెక్కలే. నెయ్యి కోసం ఇన్ని గొర్రెలిచ్చాం, ఇన్ని గేదెలిచ్చాం, సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలి అని. అక్కడివాళ్ళు గుళ్ళో కోళ్ళు పెట్టారు, మనవాళ్ళు గుడికి గొర్రెలిచ్చారు. మీరు పేరు రాసి ఉంటే మిమ్మల్నీ తోడు తీసుకెళ్ళేవాణ్ణి. ఓ చోట శాసనం మీద ఎవరో సున్నం కొట్టారు, ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం.

ప్రశ్న: ఆ కోళ్ళని తర్వాత కోసుకుని తినేస్తారా? జవాబు తప్పకుండా రాయండి.
ఆరో తరగతి, అంతర్వేది

జవాబు: లేదు నాన్నా. ఆ గూట్లో ఏ జంటనీ ఎక్కువకాలం ఉంచరు. కొన్నాళ్ళకోసారి దించి వేరే జంటని ఎక్కిస్తారు, ఉద్యోగంలో డ్యూటీలు మార్చినట్టు. సాధువు పేరున ఊళ్ళో ఒక పాత సంఘం ఉంది, యాత్రికులకి బస ఇచ్చేది వాళ్ళే. ఆ బస వెనక దొడ్లో ఇంకో కోళ్ళగూడు ఉంటుంది. డ్యూటీ దిగిన కోళ్ళు అక్కడ మట్టిలో పొర్లుతూ పురుగులేరుకుంటూ ఉంటాయి. నేను చూసినప్పుడు ఓ పెట్ట యాత్రికుడి తడిసిన మేజోళ్ళ మీద ఎక్కి నిలబడింది, ఆరేసుకున్నాయన దాన్ని అదిలించడానికి కూడా జంకుతున్నాడు.

ఆ రాత్రి మేము వీధి చివర చిన్న హోటల్లో కూర్చున్నాం. పళ్ళెంలో ఏముందో చూడకుండా మా అమ్మాయి చెప్పినదానికల్లా తలూపాను. తీరా తెచ్చి పెట్టాక చూస్తే కాల్చిన కోడి. చెయ్యి ఆగింది. లేస్తుందేమోనని నిమిషంసేపు చూశాను. లేవలేదు. తిన్నాను.